ఊసరవెల్లి దాహం

వేసవి సెలవులు వచ్చేసరికి కోనసీమలో పంట కాలువలు కట్టివేయడం ఆనవాయితీ. దాళ్వా కోతలు ముగిశాక మరమ్మతుల కోసం ధవళేశ్వరం నుంచి వచ్చే నీటిని కొన్ని వారాలపాటు ఆపివేస్తారు. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలతోనూ సముద్రంతోనూ చుట్టుముట్టబడిన ఈ సీమలో సైతం ఆ రోజుల్లో మంచినీటికి వెతుకులాట తప్పదు. తీరానికి చేరువలో బావి తవ్వితే ఉప్పునీరు పడే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. మనుషులు టిన్నుల్లో నీళ్లు కొని తెచ్చుకోగలరు. మూగజీవాలకు ఆ వీలు లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అనే ఆ ఎండల్లో అవి ఏం తాగుతున్నాయో మనలో చాలామంది ఆలోచించం.

సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లలు ఏదో ఒక ప్రాణిని ఇంటికి తెస్తారు. గూటి నుంచి జారిన పిట్టపిల్ల, చెరువు గట్టున దొరికిన తాబేలు, కంచె మీద పట్టిన ఊసరవెల్లి. ఇప్పుడు ఫోనుల్లో విదేశీయులు ఊసరవెల్లులను భుజాన ఎక్కించుకుని తిప్పే వీడియోలు చూసి, ‘మనమూ పెంచుకుందాం’ అని అడిగే పిల్లలు పెరిగారు. ఒక అట్టపెట్టె, దానికి నాలుగు రంధ్రాలు, లోపల ఒక కొమ్మ, ఒక మూకుడులో నీళ్లు. వసతి పూర్తయిందని వారి నమ్మకం. నాలుగైదు రోజులకు ఆ ప్రాణి నీళ్ల పక్కనే దాహంతో చచ్చిపోతుంది. నీళ్లు పెట్టినా ఎందుకు చచ్చిపోయిందో పిల్లలకు తెలియదు. తెలియజెప్పవలసిన బాధ్యత మనది.

తొండ వేరు, ఊసరవెల్లి వేరు

మన ఊళ్లలో ఊసరవెల్లి అని చూపించేది చాలాసార్లు తొండే. మగ తొండకు ఒక కాలంలో మెడ, తల ఎర్రబడతాయి. దానిని చూసి ‘రంగు మార్చింది’ అంటారు, ‘రక్తం పీలుస్తుంది’ అని భయపడతారు. అది ఎవరి రక్తమూ పీల్చదు. అలికిడి వినగానే చురుకుగా పరుగెత్తి చెట్టు వెనక్కి తప్పుకుంటుంది.

ఊసరవెల్లి నడక అలా ఉండదు. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ అడుగు తీసి అడుగు వేస్తుంది. దాని కాలివేళ్లు రెండు జట్లుగా కలిసిపోయి, కొమ్మను పటకారులా పట్టుకుంటాయి. తోక చుట్టలా చుట్టుకుంటుంది. ఉబ్బిన రెండు కళ్లు రెండు వేర్వేరు వైపులకు తిరుగుతాయి. ఒళ్లంత పొడవుకు మించిన నాలుకను కన్ను మూసి తెరిచేలోగా విసిరి పురుగును పట్టుకుంటుంది. భారతదేశపు ఊసరవెల్లి మన ద్వీపకల్పంలోనూ శ్రీలంకలోనూ కనిపించే జాతి. జీవితమంతా దాదాపు చెట్ల మీదే గడిపి, గుడ్లు పెట్టడానికి మాత్రం ఆడది నేలకు దిగి గుంత తవ్వుతుంది.

కపట మనస్కుణ్ణి మనం ఊసరవెల్లితో పోలుస్తాము. ఆ మాట ఆ ప్రాణికి అన్యాయమే. దాని చర్మంలో అతి సూక్ష్మమైన స్ఫటికాలు ఉంటాయనీ, వాటి మధ్య ఎడం మారినప్పుడు రంగు మారుతుందనీ 2015లో జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించారు. ఎండ, చలి, కోపం, భయం, తోటి ఊసరవెల్లి ఎదురుపడటం, ఇవన్నీ ఆ మార్పుకు కారణాలే. చేతిలో పట్టుకోగానే అది నల్లబడితే పిల్లలు చప్పట్లు కొడతారు. నిజానికి అది భయపడుతున్న ప్రాణి గుర్తు.

మూకుడులోని నీరు దానికి నీరు కాదు

కోడి, మేక, పిల్లి నీటి పాత్రను వెతుక్కుంటూ వస్తాయి. ఊసరవెల్లి అలా రాదు. నిలిచి ఉన్న నీటిని అది సాధారణంగా నీరుగా గుర్తించదు. చెట్టు మీద పుట్టి చెట్టు మీదే బతికే దానికి నీరంటే ఆకు చివర వేలాడే మంచుబొట్టు, వాన వెలిశాక కొమ్మ వెంట జారే చుక్క. కదిలే, మెరిసే ఆ బొట్టును చూసి నాలుకతో నాకుతుంది. కాబట్టి అట్టపెట్టెలో పెట్టిన మూకుడు నిండుగానే ఉంటుంది, ప్రాణి మాత్రం ఎండిపోతుంది.

చట్టం అనుమతించిన దేశాల్లో ఊసరవెల్లులను పెంచేవారు దీని కోసం ఎంత శ్రమ పడతారో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వారు ఎక్కువగా పెంచే ఒక జాతి యెమెన్, నైరుతి సౌదీ అరేబియా పర్వత ప్రాంతాలది. దాని తలపై శిరస్త్రాణం వంటి ఎత్తైన ఎముక ఉంటుంది. దాని కోసం గాలి ఆడే జాలీ పంజరం కట్టి, అందులో బతికి ఉన్న మొక్కలు నాటుతారు. మన పెరటి మందార వారికి అందరికంటే నమ్మకమైన మొక్క. ఉదయం వెలుతురు రాకముందు, మళ్లీ చీకటి పడ్డాక ఆకులన్నీ తడిసేలా సన్నని తుంపర కొడతారు. ఒక్కసారి చిలకరించి వదిలేస్తే చాలదు. తుంపర మొదలవగానే ఊసరవెల్లి ముందు కళ్లు కడుక్కుంటుంది, ఆ తరువాతనే తాగడం మొదలుపెడుతుంది. అందుకే కొన్ని నిమిషాలు ఆగకుండా తడపాలి. పగటిపూట చుక్కచుక్కగా ఆకుల మీద నీరు పడే ఏర్పాటు వేరుగా ఉంటుంది.

అంతటితో అయిపోదు. రెండు తుంపరల నడుమ పంజరం పూర్తిగా ఆరాలి. ఎప్పుడూ తడిగా ఉంటే బూజు పడుతుంది, ఊపిరితిత్తులకు జబ్బు వస్తుంది. పడిన నీరు అడుగున నిలవకూడదు. అలాగని గాలి మరీ పొడిగా ఉండకూడదు. రాత్రి చల్లదనం, తేమ, తెల్లవారుజాము మంచు దానికి నిద్రలోనే ఊరట ఇస్తాయి. ఇన్నీ చేసినా చాలా పెంపుడు ఊసరవెల్లులు నీరు చాలక మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతూ ఉంటాయి.

దాహం చెప్పుకోలేని ప్రాణి

మేక దాహమైతే అరుస్తుంది. పిల్లి కాళ్లకు చుట్టుకుంటుంది. ఊసరవెల్లికి గొంతెత్తే అలవాటు లేదు. చెట్టు మీద ఉండే బలహీన ప్రాణి తన నీరసాన్ని శత్రువుకు కనపడనివ్వదు, చివరి వరకు దాచుకుంటుంది. మనకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

అయినా గుర్తులు కొన్ని ఉన్నాయి. ఉబ్బి ఉండవలసిన కళ్లు లోపలికి గుంటపడతాయి. మలంతో పాటు తెల్లగా పడవలసిన ముద్ద ముదురు పసుపు లేదా నారింజ రంగులోకి మారుతుంది. చర్మం వదులై ముడతలు పడుతుంది. నోట్లోని జిగట గట్టిపడుతుంది. పురుగు ఎదుట ఉన్నా నాలుక విసరలేకపోతుంది. పగటిపూట కళ్లు మూసుకుని కూర్చుంటుంది. పగలు కళ్లు మూసుకున్న ఊసరవెల్లిని ‘నిద్రపోతోంది’ అని పిల్లలు ముచ్చటపడతారు. అది నిద్ర కాదు, ప్రాణం సన్నగిల్లడం.

ఆ దశలో జాలిపడి సిరంజితో నోట్లో నీళ్లు పోయడం ఇంకొక ప్రమాదం. ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతే దాహంతో పోవలసిన ప్రాణం ఊపిరాడక పోతుంది.

తడి కాలేయం గల ప్రతి ప్రాణి

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు మన ఇళ్లలో అందరికీ తెలిసినదే. దారిన పోతున్న ఒక మనిషికి విపరీతమైన దాహం వేసింది. బావిలోకి దిగి నీళ్లు తాగి పైకి వచ్చేసరికి, నాలుక వేలాడేసుకుని తడి మట్టిని నాకుతున్న కుక్క కనిపించింది. తనకు కలిగిన బాధే దీనికీ కలిగిందని తలచి, మళ్లీ బావిలోకి దిగి, తన తోలు జోడును నీటితో నింపి, నోట కరచుకుని పైకెక్కి దానికి తాగించాడు. అల్లాహ్ అతని పనిని మెచ్చి క్షమాభిక్ష ప్రసాదించాడు. మూగజీవాల విషయంలోనూ మాకు పుణ్యం ఉంటుందా అని సహచరులు అడిగారు. తడి కాలేయం గల ప్రతి ప్రాణి విషయంలోనూ పుణ్యం ఉందని దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు.

తడి కాలేయం అన్న ఆ మాటను కాస్త ఆగి ఆలోచించాలి. కుక్క, పిల్లి, ఒంటె అని ఆయన (స) పేర్లు చెప్పలేదు. అందమైనవి, ఉపయోగపడేవి అని వేరు చేయలేదు. లోపల తడి ఉండటమే అర్హత. జీవమున్న ప్రతిదానినీ నీటితో చేశానని దివ్య ఖుర్‌ఆన్ 21వ సూరా 30వ వాక్యంలో అల్లాహ్ తెలియజేశాడు. భూమిపై సంచరించే జంతువులు, రెక్కలతో ఎగిరే పక్షులు మనవంటి సమూహాలేనని 6వ సూరా 38వ వాక్యం బోధిస్తుంది. కంచె మీద ఊగుతూ నడిచే ఆ ప్రాణి కూడా ఆ సమూహాల్లో ఒకటి.

రెండే దారులు

హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన మరో హదీసు హెచ్చరిక. ఒక స్త్రీ పిల్లిని కట్టివేసి, అది చనిపోయేవరకు ఉంచిన కారణంగా నరక శిక్షకు గురైంది. బంధించినప్పుడు తిండీ నీళ్లూ ఇవ్వలేదు, నేల మీది పురుగూ పుట్రా తిని బతకడానికి వదలనూ లేదు.

ఈ హదీసులో రెండు దారులు ఉన్నాయి. బంధిస్తే దాని తిండికీ నీటికీ పూర్తి బాధ్యత వహించాలి. వహించలేకపోతే, సృష్టికర్త దాని కోసం భూమిపై పరచిన ఆహారానికి దానిని వదిలిపెట్టాలి. మూడో దారి లేదు. ‘నీళ్లు పెట్టాము, అదే తాగలేదు’ అన్న జవాబు మొదటి దారిలోకి రాదు. ఆ ప్రాణి తాగగలిగిన తీరులో ఇస్తేనే ఇచ్చినట్లు. పసిబిడ్డ పక్కన చెంబు నిండా పాలు పెట్టి వెళ్లిపోయిన తల్లి, బిడ్డకు పాలిచ్చానని చెప్పగలదా?

అలాగని ఇస్లాం ప్రాణులను పెంచుకోవడాన్ని నిషేధించలేదు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడైన చిన్నారి అబూ ఉమైర్ దగ్గర ఒక చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి ఆ బాలుడు దిగులుపడితే దైవప్రవక్త (స) ఆప్యాయంగా పలకరించి ఊరడించారు. బాగా చూసుకోగలిగితే పిట్టను పెంచుకోవచ్చునని పండితులు దీని నుంచే గ్రహించారు. మరో సందర్భంలో, ప్రయాణంలో ఉన్న సహచరులు ఒక పిట్ట పిల్లలను తీసుకోగా తల్లి రెక్కలు కొట్టుకుంటూ తిరగసాగింది. దానిని చూసి, పిల్లలను తిరిగి తల్లికి అప్పగించమని ఆయన (స) ఆదేశించారు. ఏది పెంచుకోదగినదో, ఏది తిరిగి అప్పగించవలసినదో ఈ రెండు సంఘటనలు పక్కపక్కన చూపిస్తాయి.

13వ శతాబ్దంలో డమాస్కస్‌లోనూ కైరోలోనూ బోధించిన ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ మనిషిపై జంతువులకు గల హక్కులను వరుసగా పేర్కొన్నారు. ముసలిదైనా, జబ్బుపడినా, ఇక ఉపయోగపడకపోయినా దాని పోషణకు ఖర్చు పెట్టడం యజమాని విధి అన్నారు. పెంపకం ముచ్చట కాదు, అమానతు.

చట్టం ఏమంటున్నది?

మన దేశపు ఊసరవెల్లి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణలో ఉన్న ప్రాణి. దానిని పట్టడం, ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం, చంపడం నేరం. విదేశీ జాతులను తెప్పించుకుందామన్నా, ఊసరవెల్లులు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒడంబడిక జాబితాలో ఉన్నాయి. 2022 సవరణ తరువాత అటువంటి ప్రాణులను కలిగి ఉన్నవారు ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకోవలసి ఉంటుంది. మన ఇళ్ల వసారాల్లో పంజరాల్లో కనిపించే రామచిలుక కూడా ఈ చట్టం రక్షించే పక్షే. చాలా కుటుంబాలకు ఈ సంగతి తెలియదు.

ఇక చట్టబద్ధంగా పెంచుకునే ప్రాణుల విషయంలో, చాలినంత తిండి, నీరు, నీడ ఇవ్వకపోవడాన్ని జంతు హింస నివారణ చట్టం, 1960 నేరంగా పరిగణిస్తుంది. ఒప్పందాలను నెరవేర్చమని 5వ సూరా మొదటి వాక్యంలోనే ఆదేశం అందుకున్న విశ్వాసులకు, తాము నివసించే దేశపు చట్టాన్ని పాటించడం భారం కాకూడదు.

‘వజగ్’ వేరు, ‘హిర్బా’ వేరు

కొన్ని చోట్ల పిల్లలు తొండనూ ఊసరవెల్లినీ రాళ్లతో కొట్టి, పుణ్యం వచ్చిందనుకోవడం కనిపిస్తుంది. ‘వజగ్’ను చంపడం గురించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నమాట నిజమే. కాని అరబీలో వజగ్ అంటే బల్లి జాతి. ఊసరవెల్లికి ‘హిర్బా’ అని వేరే పేరుంది. 1405లో మరణించిన ఈజిప్టు పండితుడు కమాలుద్దీన్ అద్దమీరీ తన ‘హయాతుల్ హయవాన్’లో హిర్బాను గురించి విడిగా రాశారు. సూర్యుడు ఎటు తిరిగితే అటు ముఖం తిప్పే ప్రాణిగా అరబ్బులు దానిని ఎరుగుదురు. కొన్ని ఉర్దూ అనువాదాల్లో వజగ్‌ను ‘గిర్గిట్’ అని రాయడం వల్ల ఈ పొరపాటు మన వరకు వచ్చి ఉండవచ్చు. సందేహం ఉన్నవారు తమ మసీదు ఆలింను అడిగి తెలుసుకోవడం మంచిది. ఏ హదీసూ ప్రాణిని చిత్రవధ చేసి వినోదించడానికి అనుమతి కాదన్న సంగతి మాత్రం పిల్లలకు ఈరోజే చెప్పవచ్చు.

ఎదురుపడినప్పుడు

కంచె నరికేటప్పుడో, రోడ్డు దాటేటప్పుడో ఊసరవెల్లి కనిపిస్తే చేయవలసినది స్వల్పమే. చేత్తో పట్టుకోకుండా, దాని ముందు ఒక పుల్ల పెడితే అదే ఎక్కుతుంది. దగ్గరలోని దట్టమైన పొదలోకి చేర్చాలి. నేల మీద గుంత తవ్వుతున్న ఆడ ఊసరవెల్లి అయితే దాని పని అయ్యేవరకు కదిలించకూడదు. ఎండకు సోలిపోయినట్లు ఉంటే, పొద చుట్టూ ఉన్న ఆకుల మీద వానజల్లులా సన్నగా నీళ్లు చిలకరించి దూరంగా నిలబడాలి. బొట్లు కనిపిస్తే అదే నాకుతుంది. ముఖం మీద కొట్టకూడదు, నోట్లో పోయకూడదు. గాయపడినదైతే అటవీ శాఖ వారికి తెలియజేయాలి.

పిల్లవాడు ఏడిస్తే కోప్పడవద్దు. ‘బాబూ, దీనికి మనం నీళ్లు పెట్టలేం. దీని నీళ్లు అల్లాహ్ ఆకుల మీద పెట్టాడు. రేపు పొద్దున్నే లేచి, తాగుతుందేమో చూద్దాం’ అని చెప్పి, ఫజ్ర్ నమాజు తరువాత కంచె దగ్గరకు తీసుకువెళ్లాలి. పంజరంలో దొరకని ఆనందం అక్కడ దొరుకుతుంది.

మన పోషణలో ఉన్నవాటికి

పెంచుకోవాలన్న కోరిక తీరడానికి మన ఇళ్లలో ధర్మసమ్మతమైన ప్రాణులకు కొదువ లేదు. వాటి నీటి విషయంలో కొన్ని జాగ్రత్తలు.

కోళ్లకు లోతు లేని మట్టి మూకుడులో, నీడపట్టున, రోజుకు రెండు పూటలా కొత్త నీరు పెట్టాలి. కోడిపిల్లలు మునగకుండా అందులో నాలుగు గులకరాళ్లు వేయాలి. మేకలకు ఎండలో కట్టిన చోటే బాల్చీ పెడితే నీరు వేడెక్కుతుంది, అవి తాగవు. బాల్చీని నీడలో ఉంచాలి. ఉప్పు తేలిన బావి నీరు తాగడానికి అవి మొరాయిస్తే అది వాటి మొండితనం కాదు, మన ఇంటి మంచినీటిలో వాటికీ వాటా ఉండాలి. పిల్లికి తిండి గిన్నె పక్కన కాక కొంచెం దూరంగా నీళ్లు పెడితే ఎక్కువ తాగుతుంది. లవ్ బర్డ్స్ పంజరంలోని గిన్నెలో రెట్టలు పడతాయి కనుక రోజూ తోమి కడగాలి, పంజరాన్ని ఎండ తగిలే గోడకు తగిలించకూడదు. పశువు వడదెబ్బకు పడిపోతే 1962 నంబరుకు ఫోను చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలిపించవచ్చు.

ఎవరూ పెంచని ప్రాణులకు కోనసీమలో ఖర్చు లేని పాత్ర ప్రతి ఇంటా ఉంది. కొబ్బరి చిప్పకు మూడు తాళ్లు కట్టి కొమ్మకు వేలాడదీస్తే పిట్టల దాహం తీరుతుంది. ఊసరవెల్లికి, తొండకు, సీతాకోకచిలుకకు చిప్ప అవసరం లేదు. అస్ర్ తరువాత పెరటి మొక్కలకు నీళ్లు పోసేటప్పుడు వేళ్లతో ఆపక, ఆకులు కూడా తడిసేలా పోస్తే చాలు. వుజూ చేసిన నీరు మురుగులోకి పోకుండా మందార కంచె వైపు మళ్లిస్తే, కాలువలు కట్టిన రోజుల్లోనూ ఆ కంచె పచ్చగా ఉంటుంది. పచ్చని కంచె ఉన్నంతకాలం, తెల్లవారుజామున దాని ఆకుల మీద మంచు నిలుస్తుంది. పురుగుమందు కొట్టని ఆ ఆకుల మీద ఎన్ని ప్రాణులు గొంతు తడుపుకుంటాయో మనం లెక్కించలేము. లెక్కించేవాడు లెక్కిస్తాడు.

భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఆహార బాధ్యత తనదేనని 11వ సూరా 6వ వాక్యంలో అల్లాహ్ తెలియజేశాడు. ఆ ఆహారానికీ ఆ నీటికీ అడ్డుగా మన చేతితో ఒక పంజరం నిలపకుండా ఉండటం మన మొదటి విధి. నిలిపిన చోట, లోపలి ప్రాణికి తెలిసిన తీరులో నీరు అందించడం రెండవ విధి. తడి కాలేయం గల ప్రతి ప్రాణి పట్ల దయ చూపే హృదయాలను అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక! ఆమీన్.